జూదం, నైపుణ్యం, అదృష్టం: ధర్మశాస్త్రాల నుంచి రమ్మీ తీర్పు దాకా

వ్యాససంగ్రహం: అదృష్టమూ నైపుణ్యమూ కలిసిన ఆటను జూదంగా లెక్కించాలా వద్దా అన్న ప్రశ్న ఆరు దశాబ్దాలకు పైగా మన న్యాయస్థానాల్లో నలుగుతోంది. ఈ విభజన ప్రాచీన ధర్మశాస్త్రాల వర్గీకరణలో గాని, తెలుగు పదజాలంలో గాని లేదనీ, వలసపాలన కాలపు శాసనభాష ద్వారా మనకు చేరిందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. బద్వేలు ప్రాంతానికి పరిచితమైన ఆటలనూ, భారతంలోని ద్యూతకథలనూ, 1967 నాటి సికింద్రాబాదు రమ్మీ తీర్పునూ పక్కపక్కన పెట్టి పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ద్యూతం, సమాహ్వయం, పులిజూదం, అక్షహృదయం, రమ్మీ, పందెం

ఉపోద్ఘాతం

సభాపర్వంలోని ద్యూతఘట్టాన్ని బద్వేలులో డిగ్రీ విద్యార్థులకు చెబుతున్న రోజున వెనక వరుసలోంచి ఒక ప్రశ్న వచ్చింది: "సార్, ధర్మరాజు ఆడింది స్కిల్ గేమా, లక్ గేమా?" తరగతి నవ్వింది. అడిగిన విద్యార్థి నవ్వలేదు. ఫోనులో రమ్మీ ప్రకటనలు చూస్తూ పెరిగిన తరం అది. 'ఇది నైపుణ్య క్రీడ, జూదం కాదు' అన్న వాదన వాళ్లకు పాఠ్యభాగంలోని పద్యాలకంటే బాగా తెలుసు. శకునిది మోసం, ధర్మరాజుది వ్యసనం అని నేను అప్పటికి చెప్పిన జవాబు పరీక్షకు సరిపోతుంది గాని ఆ ప్రశ్నకు సరిపోదు. ఆ లోటును పూరించుకొనే ప్రయత్నమే ఈ వ్యాసం.

ప్రశ్న న్యాయశాస్త్రానిది కదా, తెలుగు అధ్యాపకుడికి ఇందులో పనేమిటని అనుకోవచ్చు. కాని దీని చరిత్రను తరచి చూస్తే అడుగడుగునా ఎదురయ్యేది పదార్థనిర్ణయమే. 'జూదం' అంటే ఏమిటి? 'కేవలం' అంటే ఎంత?

తెలుగు మాటల్లో జూదం

'జూదం' సంస్కృత 'ద్యూత' శబ్దానికి తద్భవం. ప్రాకృతం మీదుగా తెలుగులోకి వచ్చింది. నిఘంటువుల్లో అర్థం సులువుగానే దొరుకుతుంది. వాడుకలోనే చిక్కుంది.

రాయలసీమ పల్లెల్లో గుడి మండపపు నేలబండ మీదో, రచ్చకట్ట మీదో చెక్కిన త్రికోణపు గీతలు చాలామంది చూసే ఉంటారు. అది పులిజూదపు పటం. మూడు పులులు, పదిహేను మేకలు. మేకలను ఒక్కొక్కటిగా పటంలోకి దించాలి. పులి మేక మీదుగా ఎగిరితే ఆ మేక చచ్చినట్టు. పులులు కదలలేకుండా చుట్టుముడితే మేకలవాడు గెలిచినట్టు. ఈ ఆటలో పాచిక లేదు, గవ్వ లేదు, మూసిన ముక్క లేదు. ఇద్దరికీ పటమంతా కనిపిస్తూనే ఉంటుంది. అదృష్టానికి చోటే లేని ఆట ఇది. అయినా దాని పేరు జూదమే.

దీనికి ఎదురుదిశలో సాగిన పలుకుబడి ఇంకొకటుంది. ఎవరి ఎత్తుగడైనా ఫలించకపోతే 'వాడి పాచిక పారలేదు' అంటాం. పాచిక అదృష్టానికి పనిముట్టు. జాతీయంలో మాత్రం అది పన్నాగానికి, అంటే తెలివికి, గుర్తు. తెలుగు నుడికారం నైపుణ్యపు ఆటను జూదమంది, అదృష్టపు పనిముట్టును నైపుణ్యానికి ప్రతీక చేసింది. ఈ భాష మాట్లాడేవాళ్లు రెండింటి మధ్య గట్టి గోడ కట్టుకోలేదని దీన్నిబట్టి ఊహించవచ్చు.

ఇక అష్టాచెమ్మ. కొన్నిచోట్ల బారాకట్ట. గవ్వలు ఎన్ని వెల్లకిలా పడతాయన్నది ఆడేవారి చేతిలో లేదు. పడిన పందేనికి ఏ కాయను నడపాలన్నది పూర్తిగా వారి చేతిలోనిదే. అదృష్టమూ నైపుణ్యమూ కలిసిన ఆటకు ఇంతకంటే మంచి ఉదాహరణ వెతకనక్కరలేదు. గవ్వలు వేస్తే వచ్చే సంఖ్యనూ 'పందెం' అంటాం, ఒడ్డిన సొమ్మునూ 'పందెం' అంటాం. అయినా మన ఇళ్లలో అమ్మమ్మలు మధ్యాహ్నంపూట ఆడుకొనే ఈ ఆటను జూదమన్నవారు లేరు. అక్కడ సొమ్ము లేదు గనుక. గవ్వలకు డబ్బు తోడైతే అదే అష్టాచెమ్మ క్షణంలో జూదమవుతుంది. సాధారణ వ్యవహారంలో గీత గీసేది ఒడ్డిన పందెమే. పులిజూదం ఈ సూత్రానికి ఒక మినహాయింపు. అందులో 'జూదం' అన్నది పందెమున్నా లేకపోయినా 'ఎదురెదురుగా కూర్చుని ఆడే పోటీ' అన్న విశాలార్థాన్ని నిలుపుకొన్నట్టుంది.

ధర్మశాస్త్రాలు గీసిన గీతలు

మనుస్మృతి తొమ్మిదో అధ్యాయంలో ఈ వ్యవహారానికి ఒక నిర్వచనం ఉంది. ప్రాణంలేని వస్తువులతో ఆడేది ద్యూతం, ప్రాణులతో ఆడించేది సమాహ్వయం. పాచికలు మొదటి కోవలోకి, కోడిపందెం, పొట్టేళ్లపందెం రెండో కోవలోకి వస్తాయి. పలనాటి కథలోని కోడిపోరు, క్రీడాభిరామం వర్ణించిన ఓరుగంటి కోళ్ల, పొట్టేళ్ల పోరాటాలు సమాహ్వయాలే. మనువు రెండింటినీ నిషేధించాడు. నైపుణ్యం ఎంత, అదృష్టం ఎంత అన్న లెక్క ఆ నిర్వచనంలో ఎక్కడా లేదు.

యాజ్ఞవల్క్యుడూ కౌటిల్యుడూ మరో దారి పట్టారు. ఆటను నిషేధించక నియంత్రించారు. యాజ్ఞవల్క్యస్మృతిలో ద్యూతసభను నడిపే 'సభికుడు' గెలుపులోంచి నూటికి ఇంత అని తన వంతు తీసుకుంటాడు, రాజుకు చెల్లించాల్సింది చెల్లిస్తాడు. కౌటిల్యుడి అర్థశాస్త్రం మూడో అధికరణంలో వివరాలు ఇంకా పట్టుగా ఉంటాయి. ఆట అంతా ఒకేచోట జరగాలి. వేరేచోట ఆడితే పన్నెండు పణాల జరిమానా. గెలిచిన సొమ్ములో అధ్యక్షుడు నూటికి ఐదు తీసుకోవాలి. అంతటితో ఆగలేదు: పాచికలకు, గవ్వలకు అద్దె, నీళ్లకు, చోటుకు రుసుము కూడా వసూలు చేయాలి. ఇదంతా దేనికంటే రహస్యంగా బతికే నేరగాళ్లను కనిపెట్టడానికని ఆయన కారణం చెప్పాడు. ఖజానాకు వచ్చే ఆదాయం గురించి ఆ చోట ఆయన మౌనం వహించినా, నూటికి ఐదన్న అంకె మౌనంగా లేదు.

ఈ గ్రంథాలు అడిగిన ప్రశ్నలు మూడు: ప్రాణులతోనా కాదా, ఆట నడిపించేది ఎవరు, మోసం జరిగిందా. దొంగపాచికలు వాడినవాడికి శిక్ష అన్న నియమం అన్నింటిలోనూ ఏదో రూపంలో ఉంది. నైపుణ్యాన్ని వీరెవరూ ఎరగకపోలేదు. దాన్ని ఒక మినహాయింపుగా ఎవరూ చూడలేదంతే.

శకుని నేర్పు, నలుడి నేర్పు

భారతంలో రెండు ద్యూతకథలున్నాయి, రెండింట్లోనూ అసలు విషయం నేర్పే. హస్తినలో శకుని దుర్యోధనుడికి ఇచ్చిన భరోసా సారాంశమిది: ధర్మరాజుకు జూదమంటే ఇష్టం, ఆడటం మాత్రం రాదు. ఆట ఆరంభం కాకముందే ఫలితం నిర్ణయమైంది. శకుని కపటాన్ని కాసేపు పక్కన పెట్టి చూసినా, ఇది నేర్పరికీ నేర్పులేనివాడికీ మధ్య జరిగిన ఆట. మన సాహిత్యంలోని అతిపెద్ద జూదపు విపత్తుకు కారణం అదృష్టం తలకిందులు కావడం కాదు, నైపుణ్యంలో ఉన్న అంతరం. నా విద్యార్థికి ఆనాడే చెప్పవలసిన జవాబు ఇదే.

అరణ్యపర్వంలోని నలోపాఖ్యానం ఈ విషయాన్ని ఇంకా స్పష్టం చేస్తుంది. తెలుగులో ఇది నన్నయ రచనాభాగంలో వస్తుంది. పుష్కరుడి చేతిలో సర్వం ఓడిన నలుడు బాహుకుడిగా ఋతుపర్ణుడి రథం తోలుతుండగా, ఋతుపర్ణుడు దారిలోని తాండ్రచెట్టుకు ఎన్ని ఆకులు, ఎన్ని కాయలు ఉన్నాయో చూసీ చూడగానే లెక్క చెబుతాడు. తాండ్రకాయలే ఆ కాలపు పాచికలు కావడం ఇక్కడ కాకతాళీయం కాదు. ఆ విద్య పేరు అక్షహృదయం. నలుడు తనకు తెలిసిన అశ్వహృదయం ఇచ్చి దాన్ని పుచ్చుకుంటాడు. తిరిగివెళ్లి పుష్కరుణ్ణి ఓడిస్తాడు. పాచికల ఆటకు గణితవిద్య ఉందనీ, అది నేర్చుకోదగినదనీ ఈ కథ ఎరుగును. (శ్రీనాథుడి శృంగారనైషధం ఈ ఘట్టం దాకా రాదు, మూలమైన శ్రీహర్షుడి కావ్యమే అంతకుముందు ముగుస్తుంది. జూదం లేని నలుడి కథను ఇష్టపడిన రసికులకు అది ఒక సౌకర్యమై ఉంటుంది.)

చదరంగం చరిత్ర కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. నేడు సంపూర్ణ నైపుణ్యక్రీడకు ఎవరైనా ముందుగా చెప్పే ఉదాహరణ అదే. కాని పదకొండో శతాబ్దంలో అల్‌బిరూనీ హిందూదేశంలో చూసి వర్ణించిన చదరంగం నలుగురు కూర్చుని పాచికలు వేసి ఆడేది. నైపుణ్యం, అదృష్టం అన్నవి ఆటలకు పుట్టుకతో వచ్చిన కులాలు కావు.

ఒక రాష్ట్రం, రెండు చట్టాలు

ఇక శాసనచరిత్ర. బద్వేలు దత్తమండలాలలో భాగం. 1800లో నిజాం కంపెనీకి అప్పగించిన ప్రాంతమిది. ఆ తరువాత మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. అందువల్ల ఇక్కడ 1930 నాటి మద్రాసు గేమింగ్ చట్టం అమలైంది. హైదరాబాదు రాజ్యంలో ఫసలీ 1305 నాటి, అంటే సుమారు క్రీ.శ. 1895–96 నాటి, జూదచట్టం ఉండేది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కూడా ఈ రెండూ పక్కపక్కనే కొనసాగాయి. ఒకే రాష్ట్రంలో బద్వేలులో పేకాడినవాడి మీద ఒక చట్టం, సికింద్రాబాదులో ఆడినవాడి మీద మరొక చట్టం. 1974లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం రెండింటి స్థానంలో నిలిచింది.

ఈ రెండు చట్టాలకూ ఉమ్మడిగా ఒక వాక్యం ఉంది. ఉత్తరాది పరగణాలకు 1867లో చేసిన పబ్లిక్ గ్యాంబ్లింగ్ చట్టంలోనూ అదే కనిపిస్తుంది: కేవలం నైపుణ్యంతో కూడిన ఆటలకు, అవి ఎక్కడ ఆడినా, ఈ చట్టం వర్తించదు. నైపుణ్యం అన్న మినహాయింపు మన న్యాయవ్యవస్థలో వేళ్లూనింది ఇలాంటి వాక్యాలతోనే. ధర్మశాస్త్రాల ప్రాణి–అప్రాణి విభజన పోయి దాని స్థానంలో ఇది కూర్చుంది.

తెలుగు వ్యాకరణం చదివినవారు ఈ 'కేవలం' దగ్గర ఆగుతారు. నైపుణ్యం'తో' ఆడే ఆట వేరు, నైపుణ్యం'తోనే' ఆడే ఆట వేరు. ఆ ఏవార్థకాన్ని యథాతథంగా తీసుకుంటే పేకముక్కల ఆట ఏదీ మినహాయింపులోకి రాదు. ముక్కలు కలిపి పంచడంలోనే అదృష్టం చేరుతుంది. సుప్రీంకోర్టు ఆ ఏవార్థకాన్ని సడలించింది. 1957లో చమర్‌బాగ్‌వాలా వ్యాజ్యాల్లో, బహుమతి పోటీల విషయంలో, గెలుపు గణనీయంగా నైపుణ్యం మీద ఆధారపడితే అది జూదం కాదన్న వైఖరి తీసుకుంది. అదే సందర్భంలో ప్రధాన న్యాయమూర్తి ఎస్.ఆర్. దాస్ ఋగ్వేదంలోని జూదరి సూక్తాన్నీ, భారతాన్నీ, మనువునూ, యాజ్ఞవల్క్య కౌటిల్యులనూ ప్రస్తావించి జూదం మన సంప్రదాయంలో నింద్యమని నిరూపించారు. నా దృష్టిలో ఆ తీర్పులో ఒక వింత ఉంది. నిందను స్మృతుల నుంచి తీసుకున్నారు, నిర్వచనాన్ని మాత్రం తీసుకోలేదు. స్మృతికారులు ఎరగని విభజనకు స్మృతులనే సాక్ష్యానికి పిలిచారు.

పదేళ్లకు తెలుగునేల నుంచే అసలు పరీక్ష వచ్చింది. 1963 మే 4న సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు దాడి చేశారు. ఐదుగురు రమ్మీ ఆడుతున్నారు. కౌంటర్లు, కొంత సొమ్ము దొరికాయి. క్లబ్ బాధ్యుల మీద కూడా కేసు నడిచింది. మేజిస్ట్రేటు శిక్ష వేశారు. సెషన్స్ న్యాయమూర్తి సిఫారసు మీద హైకోర్టు దాన్ని కొట్టివేసింది. రాష్ట్రప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1967 నవంబరు 22న 'ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం వర్సెస్ కె. సత్యనారాయణ' తీర్పులో జస్టిస్ హిదాయతుల్లా రమ్మీని ప్రధానంగా నైపుణ్యపు ఆటగా నిర్ణయించారు. ఏ ముక్క పడిందో గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తేల్చుకోవాలి. పంపకంలోని అదృష్టం బ్రిడ్జి ఆటలో ఉన్నంతే. మూడుముక్కలాట మాత్రం పూర్తిగా అదృష్టమేనన్నారు.

ఆ తీర్పులో అంతగా ఉదాహరించని భాగం ఒకటుంది. ఆట నడిపేవారు ఆ ఆట నుంచి లాభం గడిస్తున్నారని రుజువైతే నేరం నిలుస్తుందని కోర్టు అన్నది. క్లబ్ వసూలు చేసే కొద్దిపాటి రుసుము అలాంటి లాభం కాదని తేల్చింది. చోటుకు, నీటికి కౌటిల్యుడు కట్టించిన రుసుమే రెండువేల ఏళ్ల తరువాత విచారణకు వచ్చిందని అనిపిస్తుంది. నేటి రమ్మీ ప్రకటనలు ఈ తీర్పులో మొదటి సగాన్నే చదివాయి.

1996లో లక్ష్మణన్ వ్యాజ్యంలో గుర్రపుపందేలు కూడా నైపుణ్యానివేనని సుప్రీంకోర్టు తేల్చడంతో 'కేవలం' అంటే 'ప్రధానంగా' అన్న అర్థం స్థిరపడింది. మనువు లెక్కలో అయితే అది నిస్సంశయంగా సమాహ్వయం. ఇంగ్లండులో దారి వేరు: అక్కడి 2005 నాటి చట్టం అదృష్టమూ నైపుణ్యమూ కలిసిన ఆటను అదృష్టపు ఆటగానే లెక్కిస్తుంది. అత్యుత్తమ నైపుణ్యంతో అదృష్టాన్ని తుడిచేయగలిగినా సరే. క్రీడాపోటీలకు మాత్రమే మినహాయింపు.

ఒక్క ఆట, వంద ఆటలు

నైపుణ్యం ఎంత అన్న ప్రశ్నకు జవాబు ఆట పేరులో లేదు, ఎన్నిసార్లు ఆడారన్నదానిలో ఉంది. పదమూడు ముక్కలు చేతికి వచ్చేసరికే సీక్వెన్సు పడి జోకరు కూడా చేరితే, ఎంత నేర్పరి ఎదురున్నా ఆ ఒక్క ఆట కొత్తవాడిదే కావచ్చు. అదే ఇద్దరు వంద ఆటలు ఆడితే ముక్కల హెచ్చుతగ్గులు సర్దుకొని నేర్పు పైకి తేలుతుంది. కాబట్టి ఒకే రమ్మీ ఒక పూటకు అదృష్టపు ఆట, ఒక ఏడాదికి నైపుణ్యపు ఆట. కోర్టులు 'ఈ ఆట ఏది' అని అడిగాయి గాని 'ఎన్ని ఆటల తరువాత' అని అడిగినట్టు కనిపించదు.

ఇందులో ఓడేవాడికి ఊరట ఏమీ లేదు, పైగా ప్రమాదముంది. మూడుముక్కలాటలో చేతకానివాడు కూడా సగంసార్లు బయటపడతాడేమో. నేర్పు ప్రధానమైన ఆటలో డబ్బు పెట్టి ఎక్కువకాలం ఆడితే చేతకానివాడు తప్పక ఓడతాడు. నిర్వాహకుడి వంతు ఎలాగూ పోతుంది. ధర్మరాజు కథ చెబుతున్నదీ ఇదే. 'నైపుణ్య క్రీడ' అన్న ముద్రను రక్షణగా భావించడం నేర్పున్నవాడికి సబబు. ఆ ప్రకటన చూసేవారిలో ఎక్కువమంది ఆ కోవకు చెందరు.

ఎదురువైపు మట్కా ఉంది. బొంబాయిలో న్యూయార్కు పత్తిధరల అంకెల మీద పందేలుగా మొదలై, ఆ ధరలు ఆగిపోయాక కుండలోంచి చీటీలు తీసే ఆటగా మారిన ఈ వ్యాపారం రాయలసీమ పట్టణాల్లో ఎంతగా పాతుకుపోయిందో స్థానిక పత్రికలు చదివేవారికి చెప్పనక్కరలేదు. ఇది కలగాపులగం కాదు, అచ్చమైన అదృష్టం. కాని మట్కా రాసేవాడు దాన్ని అదృష్టమనుకోడు. కలలో కనిపించినదాన్ని అంకెగా మారుస్తాడు, పాత ఫలితాల పట్టికలు ముందేసుకొని లెక్క కడతాడు, తప్పితే తన లెక్కలో పొరపాటు వెతుక్కుంటాడు. అదృష్టం మీద తనకు పట్టు ఉందనుకొనే ఈ భ్రమను అమెరికన్ మనస్తత్త్వవేత్త ఎలెన్ లాంగర్ 1975లో ప్రయోగాలతో చూపింది. ఆటలోని అసలు నైపుణ్యం ఎంతైనా, ఆడేవాడి మనసులో అది ఎప్పుడూ ఎక్కువే.

ఇంత చెప్పినా నైపుణ్యపు మినహాయింపు వ్యర్థమని నేను అనను. 1963లో దాడి జరిగింది ఐదుగురు కూర్చున్న ఒక బల్ల మీద. ఆ మినహాయింపు లేకపోతే చిన్న మొత్తాలతో కాలక్షేపం చేసే ప్రతి బల్లా పోలీసుల దయాధర్మం మీద ఆధారపడుతుంది. పేకాట స్థావరంపై దాడి, పేకాటరాయుళ్ల అరెస్టు అని మన పత్రికల జిల్లా పేజీల్లో వచ్చే వార్తల్లో ఆడుతున్నది రమ్మీయా, లోపలా బయటా ఆటా అన్నది సాధారణంగా ఉండదు. చట్టానికి అంత ముఖ్యమైన తేడా వార్తకు అక్కరలేదు.

మళ్లీ పందెం దగ్గరికి

2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ తమ గేమింగ్ చట్టాలను సవరించి డబ్బుతో ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధపు పరిధిలోకి తెచ్చాయి. 2023 అక్టోబరు 1 నుంచి డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటల మీద, నైపుణ్యమా అదృష్టమా అన్న విచక్షణ లేకుండా, 28 శాతం జీఎస్టీ అమలైంది. కౌటిల్యుడి అధ్యక్షుడికి నూటికి ఐదే. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం మరో అడుగు వేసి, సొమ్ము ఒడ్డి సొమ్ము ఆశించే ఆన్‌లైన్ ఆటను, అది నైపుణ్యం మీద ఆధారపడినా, అదృష్టం మీద ఆధారపడినా, రెండింటి మీదా ఆధారపడినా, నిషేధించింది. దాని రాజ్యాంగబద్ధతను ప్రశ్నించే వ్యాజ్యాలు సుప్రీంకోర్టుకు చేరాయి.

అంటే 1867 నాటి వాక్యం తెచ్చిన విభజన, కనీసం తెర మీది ఆటల విషయంలో, పక్కకు జరిగింది. చట్టం మళ్లీ ఒడ్డిన సొమ్మునే అడుగుతోంది. అష్టాచెమ్మ ఆడే అమ్మమ్మకు ఈ తేడా ఎప్పుడూ తెలిసిందే. ఇక్కడ ఒక అనువాద సమస్య మాత్రం మిగిలింది. పాఠ్యపుస్తకాల్లో, పత్రికల్లో అదృష్టక్రీడకు 'జూదం' అనీ, నైపుణ్యక్రీడకు 'ఆట' అనీ రాసే అలవాటు పడింది. ఆ అలవాటు ప్రకటనకర్తల వాదనను మన చేతనే రాయిస్తుంది. సొమ్ము పెట్టి ఆడేదాన్ని, అది ఏ రకమైనా, జూదమనే రాయాలి. 'అదృష్టపు ఆట', 'నేర్పు ఆట' అన్నవి దానిలోని రకాలుగా ఉండాలి.

ఈ ఏర్పాటులో పులిజూదం ఎక్కడ నిలుస్తుందో చూడటం ఆసక్తికరం. రచ్చకట్ట మీద ఇద్దరు పెద్దమనుషులు టీ పందెం వేసుకొని ఆడితే 1974 చట్టపు తొలి పాఠం ప్రకారం అది సంపూర్ణ నైపుణ్యం, ఎవరూ అడగరు. అదే పటాన్ని ఫోనులో పెట్టి, పది రూపాయలు కట్టించుకొని, గెలిచినవాడికి పద్దెనిమిది ఇస్తే 2025 చట్టం ప్రకారం నిషిద్ధం. పులులు అవే మూడు, మేకలు అవే పదిహేను. తేడా వచ్చింది ఆ రెండు రూపాయలు ఉంచుకొన్న మూడోవాడితో. యాజ్ఞవల్క్యుడు అతణ్ణి సభికుడన్నాడు.